చిన్న ల్యాబ్‌లో రక్త పరీక్షలకు చిన్న కంప్యూటర్: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, టెక్కలి, పలాస, రాజాం, బొబ్బిలి, విజయనగరం లాంటి ఊళ్లలో రక్తకణాలు లెక్కపెట్టే ఒక సెల్ కౌంటర్, షుగర్, క్రియాటినిన్ లాంటివి కొలిచే ఒక సెమీ ఆటో అనలైజర్, ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్లతో నడిచే ల్యాబ్‌ల కోసం రాసిన పేజీ ఇది. పెద్ద ల్యాబ్‌లకు సొంత ఇంజినీర్లు ఉంటారు. సందేహం వస్తే అడగడానికి మనిషి దొరకనిది చిన్న ల్యాబ్‌కే. యజమానులు, టెక్నీషియన్లు, సంతకం పెట్టే డాక్టర్లు తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి.

మెషీన్ ఎలాగూ ఆటోమేటిక్‌గానే పరీక్ష చేస్తోంది కదా, ఇంకా ఆటోమేషన్ ఏమిటి?

పరీక్ష వరకు మెషీనే చేస్తోంది, నిజమే. సీబీపీ (రక్తకణాల పూర్తి లెక్క) శాంపిల్ పెట్టి బటన్ నొక్కితే కాసేపట్లో హిమోగ్లోబిన్ నుంచి ప్లేట్‌లెట్ల దాకా అన్నీ తెర మీదకు వస్తాయి. ఆ తర్వాత పనంతా మళ్లీ చేతి మీదే. చిన్న కాగితం మీద ప్రింట్ తీస్తారు. దాన్ని రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. రిజిస్టర్ చూసి కంప్యూటర్‌లో టైప్ చేస్తారు. అప్పుడు రిపోర్ట్ బయటికొస్తుంది. ఒకే అంకెను అన్నిసార్లు ఎత్తి రాస్తుంటే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4 కాస్తా 4.1 అయ్యేది అక్కడే. రక్తం బాగుంది, రీఏజెంట్ (పరీక్షకు కలిపే రసాయనం) బాగుంది, మెషీన్ సరిగ్గానే చదివింది. అయినా ఒక కుటుంబం ఆ రాత్రి నిద్రపోదు, తెల్లారేసరికి విశాఖ బస్సెక్కుతుంది.

ఈ పేజీలో ఆటోమేషన్ అంటే ఆ ఎత్తి రాసే పనిని తీసేయడమే. మెషీన్‌కీ రిపోర్ట్‌కీ మధ్య ఒక చిన్న కంప్యూటర్ కూర్చుని అంకెను ఉన్నదున్నట్టు అందిస్తుంది. అంకె నమ్మదగినదా కాదా అన్నది చూసుకోవాల్సింది మనుషులే.

ఇది ఈమధ్య వచ్చిన పద్ధతా?

కాదు. వాలెస్ కౌల్టర్ రక్తకణాలను ఒక సన్నని రంధ్రం గుండా పంపి, కణం దాటిన ప్రతిసారీ విద్యుత్ నిరోధంలో వచ్చే మార్పును లెక్కపెట్టే పద్ధతికి 1953లో పేటెంట్ పొందాడు. తెల్లకణాలను మూడు రకాలుగా విడదీసి చూపే, మన దగ్గరున్న మూడు భాగాల సెల్ కౌంటర్లు ఇప్పటికీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. లియొనార్డ్ స్కెగ్స్ రూపొందించిన ఆటోఅనలైజర్‌ను టెక్నికాన్ కంపెనీ 1957లో మార్కెట్లోకి తెచ్చింది. అందులో శాంపిళ్లు సన్నని గొట్టాల్లో ఒకదాని వెనక ఒకటి పారుతుంటే, కలిసిపోకుండా మధ్యమధ్యలో గాలి బుడగలు వదిలేవారు. ఫలితం చార్టు కాగితం మీద పెన్ను గీసిన శిఖరాలుగా వచ్చేది. టెక్నీషియన్ ఆ శిఖరం ఎత్తు కొలిచి, అంకెగా మార్చి, పేషెంట్ పేరు పక్కన రాసుకోవాలి.

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1965లో తెచ్చిన పీడీపీ-8, దాని తరహా మినీ కంప్యూటర్లు ల్యాబ్‌ల్లోకి వచ్చాక, వాటికి అప్పజెప్పిన మొదటి పనుల్లో ఇదొకటి: శిఖరాన్ని చదివి, అంకె చేసి, సరైన పేషెంట్‌కి జత చేయడం. అప్పట్లో దాన్ని ‘చిన్న కంప్యూటర్’ అనేవారు గానీ అది ఫ్రిజ్ అంత ఉండేది. ఇప్పుడు అదే పని అరచేతిలో పట్టే బోర్డు చేస్తుంది.

ఏ కంప్యూటర్ కొనాలి? రాస్ప్‌బెర్రీ పై చాలా?

చాలు. రాస్ప్‌బెర్రీ పై అంటే ఆ అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డే. సెల్ కౌంటర్ ఒక శాంపిల్‌కి పంపే సమాచారం చాలా తక్కువ, దానికి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు. పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసినా పని జరుగుతుంది. కానీ రిసెప్షన్‌లో ఉండే డెస్క్‌టాప్‌కే ఈ పని అప్పజెప్పొద్దు. ఆ కంప్యూటర్‌కి అందరి పెన్‌డ్రైవ్‌లూ తగులుతాయి, మధ్యాహ్నం ఎవరో సినిమా పెడతారు, వైరస్ వస్తే ఫార్మాట్ చేసేస్తారు. మెషీన్ పక్కనే ఒక చిన్న బోర్డు పెట్టి, మెషీన్ చెప్పేది వినడం, దాచడం, అడిగితే ఇవ్వడం మాత్రమే దాని పనిగా ఉంచండి. టైపింగ్, ప్రింటింగ్ పాత డెస్క్‌టాప్‌లోనే జరగనివ్వండి.

కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, మెమరీ కార్డు మీదే డేటాబేస్ నడపకూడదు. కరెంటు ఒక్కసారిగా పోయినప్పుడు కార్డు పాడవడం ఈ బోర్డులకు ఉన్న పాత జబ్బు. యూఎస్‌బీకి తగిలించే చిన్న ఎస్ఎస్‌డీ వాడండి. రెండోది గడియారం. రాస్ప్‌బెర్రీ పై 4 వరకూ వచ్చిన బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఇంటర్నెట్ లేకుండా ఆన్ అయితే టైమ్ తప్పు చూపిస్తుంది, ఆ తప్పు టైమే రిపోర్ట్ మీదకి ఎక్కుతుంది. పై 5లో గడియారం ఉంది గానీ బ్యాటరీ మనమే కొని తగిలించాలి. పాత బోర్డయితే డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ పెడితే సరిపోతుంది.

మా సెల్ కౌంటర్ పాతది. వెనక తొమ్మిది పిన్నుల పోర్టు ఒక్కటే ఉంది. అది పనికొస్తుందా?

చక్కగా పనికొస్తుంది. అది ఆర్ఎస్-232 సీరియల్ పోర్టు. ఆ పోర్టు ఉన్న మెషీన్‌తో మాట్లాడటం కొత్త మెషీన్లకంటే తేలిక అని నా అభిప్రాయం, ఎందుకంటే తీగలో ఏం పోతోందో కళ్లారా చూడొచ్చు.

ఒక హెచ్చరిక. సీరియల్ పోర్టు తీగను బోర్డు పిన్నులకు నేరుగా తగిలించొద్దు. సీరియల్ పోర్టులో వోల్టేజీ ప్లస్ మైనస్ 15 దాకా ఉండొచ్చు, రాస్ప్‌బెర్రీ పై పిన్ను భరించేది 3.3 వోల్టులే. బోర్డు కాలిపోతుంది. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కన్వర్టర్ కేబుల్ వాడండి. కొన్ని మెషీన్లకు మామూలు కేబుల్ సరిపోతుంది, కొన్నిటికి రెండో పిన్ను, మూడో పిన్ను అడ్డంగా మారిన క్రాస్ కేబుల్ కావాలి. ఏమీ రావడం లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఆ తర్వాత బాడ్ రేట్, అంటే సమాచారం పంపే వేగం. మెషీన్ సెట్టింగ్స్‌లో 9600 అని ఉంటే ఇటువైపు కూడా 9600 పెట్టాలి. తేడా ఉంటే తెర మీద పిచ్చి గీతలు వస్తాయి.

ఇక మెషీన్ మాట్లాడే పద్ధతి. చాలా మెషీన్లు ఏఎస్‌టీఎం అనే ప్రామాణిక పద్ధతి వాడతాయి. మెషీన్ ముందుగా ‘వింటున్నావా?’ అని ఒక సంకేతం పంపుతుంది. కంప్యూటర్ ‘వింటున్నా’ అని 15 సెకన్లలోగా తిరుగు సంకేతం ఇవ్వాలి. ఇవ్వకపోతే మెషీన్ తన పని తాను చూసుకుంటుంది, తెర మీద కమ్యూనికేషన్ ఎర్రర్ అని పడుతుంది. జవాబొచ్చాక వరసలు పంపడం మొదలవుతుంది. హెచ్‌తో మొదలయ్యేది మెషీన్ పరిచయం, పీతో మొదలయ్యేది పేషెంట్, ఓతో మొదలయ్యేది శాంపిల్ నంబరు, ఆర్‌తో మొదలయ్యేవి ఫలితాలు, ఎల్ వస్తే అయిపోయినట్టు. ఆర్ వరస ఒక్కటి తీసుకుంటే, పరీక్ష పేరు, విలువ, కొలమానం, ఎక్కువా తక్కువా అన్న గుర్తు, అన్నీ నిలువు గీతలతో విడివిడిగా ఉంటాయి. పంపిన ప్రతి ముక్క చివరా ఒక చెక్‌సమ్ ఉంటుంది. దారిలో ఒక్క అక్షరం చెడినా లెక్క కుదరదు, కంప్యూటర్ ‘మళ్లీ పంపు’ అంటుంది. చేత్తో ఎత్తి రాసేటప్పుడు మనకు లేని రక్షణ ఇది.

ల్యాన్ పోర్టున్న కొత్త మెషీన్లు ఎక్కువగా హెచ్‌ఎల్7 పద్ధతిలో పంపుతాయి. వరసల రూపం వేరు, సంగతి అదే. పైథాన్ వచ్చిన కుర్రాడు ఉంటే మెషీన్ మాన్యువల్ ముందు పెట్టుకుని రాసేయగలడు. మాన్యువల్‌లో చివరి అధ్యాయంగానో, విడి పుస్తకంగానో ఈ వివరాలుంటాయి. మెషీన్ కొనేటప్పుడే అడిగి తీసుకోండి, తర్వాత అడిగితే దొరకడం కష్టం.

కేబుల్ తగిలిస్తే వారంటీ పోతుందా?

డేటా పోర్టు ఉన్నదే తగిలించుకోవడానికి. మూత విప్పనంతవరకు సమస్య ఉండకూడదు. అయినా సర్వీస్ ఇంజినీర్‌కి ముందే చెప్పి, వీలైతే ఒక మెయిల్ పెట్టి మొదలుపెట్టండి.

సెమీ ఆటోకి పోర్టే లేదు, ప్రింటర్ మాత్రమే ఉంది. ఏం చేయాలి?

కొన్ని మెషీన్లలో ప్రింటర్‌కి వెళ్లే తీగ సీరియల్‌దే అయి ఉంటుంది. అలాంటప్పుడు ప్రింటర్‌కి పోయే అక్షరాలనే కంప్యూటర్‌తో చదివించొచ్చు. లోపలే బిగించిన ప్రింటర్ అయితే దాని జోలికి పోవద్దు. ఫోన్ కెమెరాతో కాగితాన్ని చదివించే ఉపాయాలు చెప్పేవాళ్లున్నారు. వెలిసిన థర్మల్ కాగితం మీద దశాంశ బిందువు కెమెరాకి కనపడదు, అది ప్రమాదం. దానికంటే టైప్ చేసేవారు విలువను రెండుసార్లు కొట్టాలి, రెండూ ఒకటైతేనే సేవ్ అవ్వాలి అన్న నియమం పెట్టడం మేలు. విసుగే. కానీ 1.4కి 4.1 పడటం దాదాపు ఆగిపోతుంది.

ఒకే పేరున్న పేషెంట్ల విషయం ఏమిటి?

మన జిల్లాల్లో దీనికి ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే. విజయనగరంలో పొద్దున్న ల్యాబ్ ముందు నిలబడి ‘పైడిరాజూ’ అని పిలిస్తే ఇద్దరు లేస్తారు. ‘పైడితల్లీ’ అన్నా అంతే. శ్రీకాకుళంలో సూర్యనారాయణలు, అప్పలనాయుళ్లు, అప్పారావులు. ఊరి పేరు కలిపితే తేలుతుందా అంటే ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో, తాత పేరు పెట్టుకున్న ఇద్దరు అన్నదమ్ముల పిల్లలుంటారు. పైగా అప్పలనాయుడు అని ఒకరు, అప్పల్నాయుడు అని ఇంకొకరు రాస్తారు. కంప్యూటర్‌కి వాళ్లు వేర్వేరు మనుషులు.

కాబట్టి పేరు మీద ఏదీ ఆధారపడకూడదు. రిసెప్షన్‌లో పేషెంట్ నమోదు కాగానే ఒక నంబరు పుట్టాలి, ఆ నంబరు బార్‌కోడ్‌గా ట్యూబ్ మీదకి, అక్కడి నుంచి మెషీన్‌లోకి, రిపోర్ట్‌లోకి పోవాలి. కోడ్ 128 రకం బార్‌కోడ్‌ను దాదాపు అన్ని స్కానర్లూ చదువుతాయి. లేబుల్‌ను ట్యూబ్ పొడవునా నిటారుగా అంటించాలి. చుట్టూ తిప్పి అంటిస్తే స్కానర్ చదవలేదు. లోపల రక్తం కనపడేలా ఒక పక్క ఖాళీ వదలాలి. వేడికి నల్లబడే మామూలు థర్మల్ లేబుల్ మీద స్పిరిట్ పడితే అక్షరాలు చెదిరిపోతాయి. రిబ్బన్‌తో ముద్రించే లేబుల్ ప్రింటర్ కొంచెం ఖరీదైనా అదే కొనండి.

బార్‌కోడ్ పెట్టేసినంత మాత్రాన పని అయిపోదు. తప్పు మనిషి ట్యూబ్‌కి సరైన బార్‌కోడ్ అంటిస్తే కంప్యూటర్ ఆ తప్పును ఎంతో నమ్మకంగా చివరిదాకా మోసుకెళ్తుంది. అందుకని రక్తం తీసే చోట రెండు అలవాట్లు కావాలి. మొదటిది, ‘మీరు పైడితల్లేనా అమ్మా?’ అని అడక్కూడదు. టెన్షన్‌లో ఉన్నవాళ్లు, చెవి సరిగా వినపడనివాళ్లు అన్నింటికీ ఊ అంటారు. ‘మీ పేరు, మీ ఆయన పేరు చెప్పండమ్మా’ అని అడిగి వాళ్ల నోటితో చెప్పించాలి. రెండోది, ముందే లేబుళ్లు అంటించిన ట్యూబులు ట్రేలో వరసగా పెట్టుకోకూడదు. రక్తం తీశాక, ఆ మనిషి కుర్చీలో ఉండగానే లేబుల్ అంటించాలి.

కంప్యూటర్ చేయగల సాయం ఒకటుంది. అదే పేషెంట్ పాత సీబీపీ ఉంటే ఎంసీవీని పోల్చి చూడమని చెప్పొచ్చు. ఎర్రకణం సగటు పరిమాణం రోజుల వ్యవధిలో పెద్దగా మారదు. మొన్న 68 ఉన్న ఎంసీవీ ఈరోజు 91 అయితే, మధ్యలో రక్తం ఎక్కించకపోతే, అది వేరొకరి ట్యూబ్ కావచ్చు. రిపోర్ట్ ఆపి మళ్లీ రక్తం తీయడమే మార్గం.

ప్లేట్‌లెట్లు తక్కువ చూపిస్తే కంప్యూటర్ రిపోర్ట్ ఇచ్చేయొచ్చా?

ఇవ్వకూడదు. వానాకాలం డెంగీ జ్వరాలప్పుడు ఈ ప్రశ్న బాగా వస్తుంది. జనమంతా ప్లేట్‌లెట్ల అంకె మీదే ప్రాణాలు పెట్టుకుని ఉంటారు.

కొందరి రక్తంలో పర్పుల్ ట్యూబ్‌లోని ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనం) వల్ల ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి. సెల్ కౌంటర్ గుంపును ఒక ప్లేట్‌లెట్‌గా గుర్తించదు, వదిలేస్తుంది లేదా తెల్లకణంగా లెక్కేస్తుంది. మనిషి బాగానే ఉంటాడు, కాగితం మీద మాత్రం 40 వేలు పడుతుంది. సరిగ్గా కలపని ట్యూబ్‌లో చిన్న క్లాట్ ఉన్నా ఇదే జరుగుతుంది. రక్తం తీయగానే ట్యూబ్‌ను ఎనిమిది నుంచి పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలన్నది అందుకే. దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. ఇనుము లోపంతో ఎర్రకణాలు మరీ చిన్నవైపోతే వాటిని మెషీన్ ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టి ఎక్కువ చూపిస్తుంది.

ప్లేట్‌లెట్లు లక్ష లోపు వస్తే, స్మియర్ (గాజు పలక మీద పలచగా పరిచిన రక్తం) మైక్రోస్కోప్‌లో చూసి ఏం కనిపించిందో రాసేదాకా రిపోర్ట్ ప్రింట్ కాకుండా ఆపండి. ప్రోగ్రామ్‌లో ఇది ఒక్క వరస. గుంపులు కనపడితే సిట్రేట్ ట్యూబ్‌లో మళ్లీ తీసి, వచ్చినదాన్ని 1.1తో గుణించాలి, ఎందుకంటే ఆ ట్యూబ్‌లోని ద్రవం రక్తాన్ని పలచన చేస్తుంది.

కొలమానం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మెషీన్ 85 అని పంపుతుంది, అంటే 85 వేలు. మన డాక్టర్లు 0.85 లక్షలు అని చదువుతారు. ఆ మార్పిడిని ప్రోగ్రామ్‌లో ఒక్కసారి సరిగ్గా రాసి, పది పాత రిపోర్టులతో సరిచూసి, ఇక ఎవరి చేతికీ వదలొద్దు.

ఉద్దానం పేషెంట్లకు దీనివల్ల ఉపయోగం ఏమిటి?

నా దృష్టిలో శ్రీకాకుళం జిల్లాలో చిన్న కంప్యూటర్‌కి ఇంతకంటే గొప్ప పని లేదు.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కానీ జబ్బు మొదటిసారి బయటపడాల్సింది ఊరి దగ్గరి చిన్న ల్యాబ్‌లో, సీరమ్ క్రియాటినిన్‌లో. మొదట్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు, అంకె ఒక్కటే ఉంటుంది.

ఆ అంకె ఒంటరిగా చాలా దాస్తుంది. క్రియాటినిన్ 1.4 వచ్చిందనుకోండి. 45 ఏళ్ల మగమనిషికి 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రంతో లెక్కవేస్తే కిడ్నీ వడపోత వేగం, అంటే ఈజీఎఫ్ఆర్, 63 దాకా వస్తుంది. అదే 45 ఏళ్ల ఆడమనిషికి 47. అరవై కింద మూడు నెలలకు పైగా ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా లెక్కిస్తారు. ఒకే 1.4, ఒకరు గీతకు పైన, ఒకరు బాగా కింద. చేత్తో ఈ లెక్క ఎవరూ వేయరు. వయసు, ఆడా మగా నమోదై ఉంటే కంప్యూటర్ క్షణంలో వేస్తుంది.

ఇంకో సంగతి. ఒక మగమనిషికి మూడేళ్ల కిందట 0.9, ఈరోజు 1.3. మగవాళ్లకు 1.3 వరకు నార్మల్ అని ముద్రించే రిపోర్టులే ఎక్కువ. రెండుసార్లూ పక్కన ఏ గుర్తూ పడదు, ‘నార్మలే’ అని ఇంటికి పోతాడు. కానీ 45 ఏళ్ల వయసులో 0.9కి ఈజీఎఫ్ఆర్ 107 దగ్గర, 1.3కి 69 దగ్గర. వడపోతలో మూడో వంతు పోయింది. పాత అంకె కొత్త అంకె పక్కనే ముద్రించి ఉంటే డాక్టర్ కళ్లకు అది ఇట్టే దొరుకుతుంది. అందుకే ప్రతి క్రియాటినిన్ రిపోర్ట్ మీద ఆ మనిషి పాత విలువలు తేదీలతో సహా ముద్రించాలని పట్టుబడతాను. కాగితం మీద రెండు వరసలు ఎక్కువవుతాయి, అంతే.

ఇందులో ల్యాబ్ బాధ్యత పెద్దది. సెమీ ఆటోలో క్రియాటినిన్‌కి ఎక్కువగా వాడే జాఫే పద్ధతి చౌకైనదే గానీ వేడికి మారుతుంది, కామెర్లున్నవాళ్ల రక్తంలో బిలిరుబిన్ దాన్ని చెదరగొడుతుంది. కిట్ ఐడీఎంఎస్ అనే అంతర్జాతీయ ప్రమాణానికి సరిచేసినదై ఉండాలి, లేకపోతే పై సూత్రం ఇచ్చే జవాబు పనికిరాదు. పెరుగుదల కనపడితే ‘కిడ్నీ చెడింది’ అని కౌంటర్‌లో చెప్పేయకుండా, అదే శాంపిల్‌ని మళ్లీ నడిపి, డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

కరెంటు పోతే, తుపాను వస్తే?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. 2014 హుద్‌హుద్‌లో విజయనగరం వైపూ అదే పరిస్థితి. మామూలు రోజుల్లో కూడా ఈదురుగాలి వస్తే లైన్ ఆపేస్తారు. చిన్న బోర్డు తినే కరెంటు చాలా తక్కువ కాబట్టి మామూలు యూపీఎస్ మీద కూడా చాలాసేపు నడుస్తుంది. ఆ యూపీఎస్ మీదే సెంట్రిఫ్యూజ్ తగిలించకండి. దాని మోటార్ స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంటుకి అన్నీ పడిపోతాయి.

ఇంటర్నెట్ లేకపోయినా ల్యాబ్ నడవాలి. డేటా మొదట ల్యాబ్‌లోనే నిల్వ కావాలి, నెట్ ఉన్నప్పుడు బయట ఒక నకలు వెళ్లాలి. రోజూ రాత్రి ఒక పెన్‌డ్రైవ్‌కి నకలు తీసి, దాన్ని ల్యాబ్‌లో కాకుండా ఇంట్లో పెట్టండి. నెలకోసారి ఆ నకలును తెరిచి నిజంగా చదవగలుగుతున్నామో లేదో చూసుకోవాలి. రిజిస్టర్ పుస్తకం, పెన్ను సొరుగులో ఉండనివ్వండి, తుపాను రోజున అవే దిక్కు.

దూరం నుంచి వచ్చే శాంపిళ్లకు కంప్యూటర్ ఏం చేయగలదు?

టైమ్ గుర్తుపెట్టుకోగలదు. వేరుచేయని రక్తంలో కణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది, మన ఎండలకు ఇంకా ఎక్కువ. మందసలో ఉదయం ఏడింటికి తీసినప్పుడు పరగడుపు షుగర్ 110 ఉన్న మనిషి ట్యూబ్ పదిన్నరకు శ్రీకాకుళంలో మెషీన్ ఎక్కితే 90 దగ్గర చూపిస్తుంది. షుగర్ మొదలవుతున్న మనిషికి నార్మల్ అని కాగితం ఇచ్చి పంపినట్టు. ఫ్లోరైడ్ వేసిన బూడిదరంగు మూత ట్యూబ్ వాడాలి. అందులో కూడా మొదటి గంటా రెండు గంటల్లో కొంత పడిపోతుందని గుర్తుంచుకోవాలి. పొటాషియం అయితే తిరగబడుతుంది. ఆలస్యమైనా, రక్తం హిమోలైజ్ అయినా, అంటే ఎర్రకణాలు పగిలినా, లేనిపోని ఎక్కువ చూపిస్తుంది.

కలెక్షన్ సెంటర్‌లో రక్తం తీయగానే ఫోన్‌తో బార్‌కోడ్ స్కాన్ చేస్తే ఆ టైమ్ పడుతుంది. ల్యాబ్‌లో మళ్లీ స్కాన్ చేసినప్పుడు రెండింటి మధ్య తేడా చూసి, పరిమితి దాటితే గ్లూకోజ్, పొటాషియం చేయొద్దని తెర మీద ఎర్రగా రావాలి. టెక్నీషియన్ మొహమాటపడకుండా ‘మళ్లీ తీసి పంపండి’ అనడానికి ఆ ఎరుపు బలాన్నిస్తుంది.

కంట్రోల్ రోజూ రన్ చేయాలా? ఖర్చు ఎక్కువవుతోంది.

చేయాలి. కంట్రోల్ అంటే విలువ ముందే తెలిసిన శాంపిల్, మెషీన్ సరిగ్గా చదువుతోందో లేదో దానితోనే తెలుస్తుంది. కంట్రోల్ లేకుండా కంప్యూటర్ పెడితే తప్పులు మరింత వేగంగా బయటికి పోతాయి, అంతే. లెవీ, జెన్నింగ్స్ 1950లో చెప్పిన చార్టును ఇప్పుడు చేత్తో గీయక్కర్లేదు, మెషీన్ పంపిన కంట్రోల్ విలువతో కంప్యూటరే గీస్తుంది. వెస్ట్‌గార్డ్ 1981లో ప్రచురించిన నియమాల్లో రెండు మూడు చాలు మొదట్లో. ఒక విలువ సగటు నుంచి మూడు ఎస్‌డీలు (ఎస్‌డీ అంటే విలువలు సగటుకి మామూలుగా ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే కొలత) దాటితే ఆపాలి. వరసగా రెండు ఒకే వైపు రెండు ఎస్‌డీలు దాటినా ఆపాలి. వరసగా పది సగటుకి ఒకే పక్కన ఉంటే రీఏజెంట్ మారిందా, దీపం బలహీనపడిందా చూడాలి. ఒక్కసారి రెండు ఎస్‌డీలు దాటినంత మాత్రాన కంగారు అక్కర్లేదు. ఏ తప్పూ లేకపోయినా ఇరవైలో ఒకసారి అలా వస్తుంది.

సెల్ కౌంటర్ అంకెలతో సికిల్ సెల్ పట్టుకోవచ్చా?

పట్టుకోలేం. సికిల్ సెల్ అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు. దానికి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ కావాలి. సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ 2023 జులై 1న మొదలైంది కాబట్టి సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ నుంచి వచ్చేవారిని ఆ పరీక్షకు పంపండి. హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని మరో వంశపారంపర్య జబ్బు థలసీమియా లక్షణం విషయంలో మాత్రం చిన్న సాయం ఉంది. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే 13 కంటే తక్కువ వచ్చినవాళ్లను కంప్యూటర్ గుర్తుపెట్టి చూపగలదు. అది అనుమానమే, నిర్ధారణ కాదు.

ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?

ఓపెన్‌ఎలిస్, బీఎల్‌ఐఎస్ రెండూ ల్యాబ్‌ల కోసం చేసినవే, ఉచితం. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిలో పేదలకు వైద్యం చేసే ఆసుపత్రి అవసరాల నుంచి పుట్టిన బాహ్మ్ని అనే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో కూడా ఓపెన్‌ఎలిస్ భాగంగా ఉంది. వాటిని నిలబెట్టడానికి కొంచెం తెలిసిన మనిషి కావాలి. నెలవారీ డబ్బు కట్టే ప్రోగ్రామ్ తీసుకుంటే మాత్రం ఒకటే అడగండి: ‘రేపు మేం మానేస్తే మా డేటా అంతా మాకు ఇస్తారా, ఏ రూపంలో ఇస్తారు?’ జవాబు రాతపూర్వకంగా లేకపోతే వద్దు.

రిపోర్ట్ వాట్సాప్‌లో పంపొచ్చా?

పేషెంట్ అడిగి, తన నంబరు తానే ఇస్తే పంపండి. ఊళ్లో ఆర్‌ఎంపీకో, మేనమామకో పంపాలంటే పేషెంట్‌ని అడగాలి. 2023 డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, పెళ్లి కావాల్సిన అమ్మాయి రిపోర్ట్ నలుగురి ఫోన్లలో తిరిగితే జరిగే నష్టం మనందరికీ తెలుసు. 14 అంకెల ఆభా (ప్రభుత్వ ఆరోగ్య ఖాతా) నంబరు ఉన్నవాళ్లది నమోదు చేసుకోండి. లేదని పరీక్ష ఆపకండి.

టెక్నీషియన్ల ఉద్యోగాలు పోతాయా?

ఎత్తి రాసే సమయం మిగులుతుంది. ఆ సమయంలో చూడాల్సిన స్మియర్లు, చేయాల్సిన కంట్రోళ్లు, తిరిగి తీయాల్సిన శాంపిళ్లు ప్రతి ల్యాబ్‌లోనూ ఉన్నాయి. మనిషిని తీసేసి ఆ డబ్బుతో కంప్యూటర్ కొంటానన్న యజమానికి నేను సలహా ఇవ్వను. రిపోర్ట్ మనిషి చూడకుండా దానంతటదే వెళ్లిపోయే ఏర్పాటు చిన్న ల్యాబ్‌లో పెట్టొద్దు కూడా.

ఎక్కడ మొదలుపెట్టాలి?

సెల్ కౌంటర్‌తో. ఒక మెషీన్, ఒక కేబుల్. మొదటి నెల పాత పద్ధతి ఆపొద్దు. రిజిస్టర్ రాస్తూనే ఉండండి, సాయంత్రం రిజిస్టర్‌లోని అంకెనూ కంప్యూటర్‌లోని అంకెనూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా వచ్చిన ప్రతిచోటా మెషీన్ మెమరీ తెరిచి ఏది నిజమో తేల్చండి. చేత్తో రాసిందాంట్లో తప్పులు ఎంత తరచుగా ఉంటాయో అప్పుడు అందరికీ తెలుస్తుంది, ఇక ఎవరికీ నచ్చజెప్పనక్కర్లేదు. ఆ తర్వాత బార్‌కోడ్, ఆ తర్వాత బయోకెమిస్ట్రీ.

పేషెంట్లు తెచ్చే పాత రిపోర్టులను కూడా ఎక్కించాలా?

అన్నీ ఎక్కించలేరు. క్రియాటినిన్ మాత్రం ఎక్కించండి. ఉద్దానం నుంచి వచ్చేవాళ్లు ప్లాస్టిక్ కవర్లో ఏళ్ల కాగితాలు మడిచి తెస్తారు. సోంపేటలో ఒకటి, బరంపురంలో ఒకటి, విశాఖలో రెండు. థర్మల్ కాగితం అయితే సగం అక్షరాలు వెలిసిపోయి ఉంటాయి, ఇంకో వేసవి గడిస్తే మిగిలినవీ పోతాయి. రిసెప్షన్‌లో రద్దీ తగ్గాక కూర్చోబెట్టి, తేదీ, విలువ, ఏ ల్యాబ్ అన్నది నమోదు చేసి, కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి జత చేయండి. బయటి ల్యాబ్ విలువ అని రిపోర్ట్‌లో విడిగా కనపడాలి, ఎందుకంటే వాళ్ల పద్ధతి వేరు కావచ్చు. అక్షరం స్పష్టంగా లేకపోతే ఊహించి కొట్టొద్దు, ఫొటో మాత్రం ఉంచి విలువ దగ్గర ఖాళీ వదిలేయండి.